శ్రావణ శుక్రవారం నాడు నా కంపోస్టు బకెట్

నిన్న కంపోస్టు జల్లెడ పట్టాను. నల్లగా, పొడిపొడిగా, తొలకరికి తడిసిన మట్టి వాసన. నాలుగు నెలలు పట్టింది. చెత్త త్వరగా కుళ్లడానికి వేసే కల్చర్ పౌడర్ అమ్మిన షాపతను మాత్రం "40 రోజులు చాలు మేడమ్" అన్నాడు.

మొదలుపెట్టడానికి పెద్ద హైరానా లేదు. 20 లీటర్ల పెయింటు బకెట్‌కి చిల్లులు పెట్టి, కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ మిద్దె మీద మెట్ల గది పక్కన పెట్టాను. ఆషాఢం వానలు. సొరకాయ తొక్కలు, టీ పిప్పి, ఓ రోజు మిగిలిన సాంబారు కూడా పోశాను. తడి పీల్చే ఎండుటాకులు, పొట్టు లాంటి పొడి సరుకు ఒక్క గుప్పెడు వేయలేదు. పది రోజులకి కుళ్లిన గుడ్ల కంపు. షాపతనికి ఫోన్ చేస్తే ఇంకో ప్యాకెట్ కొనమన్నాడు. కొన్నాను కూడా, నా తెలివికి.

ఇక వరలక్ష్మీ వ్రతం రోజు. రాత్రంతా వాన. ఐదో అంతస్తు పిన్నిగారి ఇంటికి పట్టుచీర కట్టుకుని తాంబూలానికి వెళ్లాను. గుమ్మం ముందు ఆడవాళ్లంతా చీర కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుని నిలబడ్డారు. మిద్దె మెట్ల మీంచి గోధుమరంగు పురుగులు బారులు తీరి దిగుతున్నాయి. ఒకటి బియ్యప్పిండి పద్మంలో రేకు గీతని చెరిపేస్తూ, వెనకాల సన్నటి దారి వదులుతూ పాకుతోంది.

"ఇవి మీవే కదమ్మా?" అన్నారు పిన్నిగారు. కేకలేసినా బాగుండేది.

కొంగు నడుముకి దోపి, చీపురు, చేట తెచ్చి అందరి ముందూ ఊడ్చాను. ఇంటికొచ్చేసరికి సెక్రటరీగారు అపార్ట్‌మెంట్ గ్రూపులో ఫోటో పెట్టేశారు, ఎర్ర సున్నా చుట్టి మరీ. "ఎవరిదో చెప్పగలరా?" అట! మిద్దె మీద ఉన్నదే నా ఒక్క బకెట్.

అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఒక రకం ఈగ పిల్ల పురుగులు. కుట్టవు, చెత్తని గబగబా తినేస్తాయి, ముదిరాక పొడిచోటు వెతుక్కుంటూ బయటికొచ్చేస్తాయి. ఆ పూట ఇదంతా ఎవరికి చెప్పను?

టింబర్ డిపో నుంచి రంపపు పొట్టు తెచ్చాను. ప్లైవుడ్ పొట్టు వద్దు, అందులో జిగురుంటుంది. దోసెడు తొక్కలకి దోసెడు పొట్టు, చింపిన గుడ్ల అట్టలు కలిపి, అడుగు నుంచి తిరగేశాను. పిడికిట్లో పిండితే చెమ్మ తగలాలి గానీ నీళ్లు కారకూడదు. వారంలో కంపు పోయింది. వేసవిలో కానుగాకు రాలినప్పుడే రెండు బస్తాలు దాచుకోండి, పొట్టు కోసం తిరగక్కర్లేదు. ఆ పౌడర్లు కొనకండి, గ్లాసెడు పుల్లమజ్జిగ చాలు. సాంబారు మాత్రం పోయకండి.

ఇప్పుడు నా గోంగూర ఆకు అరచేతి కంటే పెద్దది. పొద్దున లిఫ్టులో సెక్రటరీగారు, తులసి కుండీకి కాస్త ఎరువు ఇస్తారా అన్నారు.

గ్రూపులో అడగమన్నాను.