మోచేయి ఆనించకూడని చోటు

నేల మీద ఫోటోలు తీసేటప్పుడు చేయి కదలకుండా గోడకో స్తంభానికో ఆనుకోవడం మనకు అలవాటు. హెలికాప్టర్‌లో ఆ అలవాటును మానుకోవాలి. ఇంజిన్, రోటర్ల (తిరిగే రెక్కల) ప్రకంపన తలుపు చట్రం గుండా, సీటు గుండా నేరుగా కెమెరాలోకి పాకుతుంది కాబట్టి, మోచేతులను పక్కటెముకలకు దగ్గరగా పెట్టుకుని, వీపును కూడా సీటుకు ఆనించకుండా, ఒంటినే మెత్తలా వాడుకోవలసి ఉంటుంది. ఈ సంగతి తెలియక మొదటిసారి చట్రానికి చేయి ఆనించి నేను తీసిన ఫోటోల్లో మేడల కిటికీలన్నీ రెండేసిగా పడ్డాయి.

కిటికీ అద్దంలో ప్రతిబింబాలు పడతాయని తలుపు తీసేసి ఎగరడం ఈ పనిలో మామూలే. అప్పుడు లెన్స్ హుడ్, అంటే పక్కనుంచి వచ్చే వెలుతురు పడకుండా లెన్స్ ముందు తొడిగే గొట్టం, కూడా ప్రమాదకరమైన వస్తువే అవుతుంది. గాలికి ఊడిపోయి వెనక రోటర్‌కు తగిలిందంటే ఇక చెప్పేదేముంది? అందుకే దాన్ని ముందే తీసి సంచిలో పెట్టేస్తాను.

నగరం మీద ఒకే చోట నిలబెట్టమని పైలట్‌ను అడగడం కొత్తవారందరూ చేసే పని. తక్కువ ఎత్తులో, ముందుకు వేగం లేకుండా నిలిచి ఉన్నప్పుడు ఇంజిన్ ఆగితే, రెక్కల తిరుగుడుతోనే క్షేమంగా దిగడానికి కావలసిన ఎత్తు గానీ వేగం గానీ ఉండవు. కనుక అనుభవజ్ఞుడైన పైలట్ నెమ్మదిగా చుట్టు తిప్పుతాడు. ఏ క్షణంలో వెలుతురు ఏ గోడ మీద పడుతుందో చూసుకోవడం మన వంతు.

షటర్ ఎక్కువసేపు తెరిచి ఉంటే ప్రకంపనకు ఫోటో చెదురుతుంది కాబట్టి, పగటిపూట నేను దాన్ని సెకనులో వెయ్యో వంతు కంటే ఎక్కువసేపు తెరిచి ఉంచను. కానీ 2012 అక్టోబరు 31 రాత్రి, శాండీ తుపాను తరువాత సగం చీకటిలో మునిగిన న్యూయార్క్‌లోని మన్‌హాటన్‌ను డచ్ ఫోటోగ్రాఫర్ ఇవాన్ బాన్ హెలికాప్టర్ నుండి తీసినప్పుడు, ఆయన షటర్ వేగం సెకనులో 40వ వంతు, ఐఎస్ఓ (వెలుతురును గ్రహించే సున్నితత్వం) 25,000. చేత్తో పట్టుకునే అలా తీశారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. వెలుగుతున్న వీధులు, వెలగని వీధులు ఒకే చట్రంలో ఇమడాలంటే అంత దూరం, అంత ఎత్తు కావాలి. తక్కువ ఎత్తుకే పరిమితమైన డ్రోన్‌తో అది సాధ్యమయ్యేది కాదు.

అదే నగరంలో 2018 మార్చి 11న తలుపులు తెరిచి ఫోటోల కోసం ఎగిరిన హెలికాప్టర్ ఈస్ట్ నదిలో దిగి తలకిందులైంది. ఒక ప్రయాణికుడి రక్షణ పట్టీకి కట్టిన తాడు ఇంధనాన్ని ఆపే మీటకు చిక్కుకోవడంతో ఇంజిన్ ఆగిందని దర్యాప్తులో తేలింది. పైలట్ బయటపడ్డాడు, త్వరగా విప్పుకోలేని పట్టీలలో చిక్కుకుపోయిన ఐదుగురు ప్రయాణికులూ మునిగిపోయారు. వెంటనే విప్పుకోవడానికి వీలు లేని పట్టీలతో అలా ఎగరడాన్ని అమెరికా విమానయాన శాఖ ఆ తరువాత నిషేధించింది.

ఇప్పుడు సీట్లో కూర్చున్నాక నా పట్టీ కొక్కెం ఎక్కడుందో కళ్లు మూసుకుని తడిమి, రెండుసార్లు విప్పి, మళ్లీ బిగించుకుంటాను. లెన్స్ మూత తీసేది ఆ తరువాతే.