పెయింట్ గీకే ముందు ఒక్కసారి ఆగండి

పోయిన నెల మా ఫ్రెండ్ ఒకడు ఎంజిబి అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు చూడ్డానికి వెళ్తూ నన్ను కూడా రమ్మన్నాడు. 1963 మోడల్, ఎర్రగా నిగనిగలాడిపోతోంది, క్రోమ్ బంపర్‌లో మన మొహం కనిపిస్తోంది, చూసిన అయిదు నిమిషాల్లోనే వాడికి మనసు పారేసుకున్నంత పనైంది. అమ్మే ఆయన చెప్పిన రేటు కూడా పక్కాగా రీస్టోర్ చేసిన ఒరిజినల్ కారు రేటే. నేను బోనెట్ ఎత్తమన్నాను.

ఇంజిన్ మీద ప్లేట్ చూస్తే నంబర్ 18జిబి అని మొదలైంది. ఎంజిబి గురించి తెలిసినవాళ్ళకి అక్కడే విషయం అర్థమైపోతుంది, ఎందుకంటే 1962లో ఈ మోడల్ వచ్చినప్పుడు ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు, అదే క్రాంక్‌షాఫ్ట్‌, దాన్ని మోసే మెయిన్ బేరింగులు మూడే, అయిదు బేరింగుల 18జిబి వచ్చింది 1964 అక్టోబర్‌లో. అంటే ఆ ఇంజిన్ ఈ కారుతో పుట్టింది కాదు, మధ్యలో ఎవరో మార్చారు. మార్చినాయన తప్పు చేశాడని కూడా అనలేం, రోజూ తిప్పుకోవడానికి అయిదు బేరింగులదే గట్టి ఇంజిన్. కానీ బండి బాగా నడవడం వేరు, దానితో పుట్టిన ఇంజిన్ ఇంకా దాంట్లోనే ఉండటం వేరు, కలెక్టర్లు అదనంగా డబ్బు పెట్టేది ఆ రెండోదానికే. మ్యాచింగ్ నంబర్స్ అని అందరూ అనేది దీన్నే.

ఇందులో మోసం కూడా జరుగుతుంది. ఖరీదైన మోడల్స్‌లో, ముఖ్యంగా పాత అమెరికన్ కార్లలో, వేరే ఇంజిన్ తెచ్చి పాత నంబర్ అరగదీసి కొత్త నంబర్ కొట్టేవాళ్ళు ఉన్నారు. పట్టుకునే దారులూ ఉన్నాయి, బ్లాక్ పోత పోసిన తేదీ దాని మీదే అచ్చై ఉంటుంది, కారు తయారైన తేదీ కంటే బ్లాక్ తేదీ తర్వాతది అయితే ఇక మాట్లాడేదేముంది. నంబర్ కొట్టిన చోట ఫ్యాక్టరీ మెషీన్ వదిలిన సన్నటి గీతలు కూడా ఉండాలి, అరగదీస్తే అవి పోతాయి. ఒకసారి ఇది బయటపడిందంటే ఇంజిన్ ఒక్కటే కాదు, ఆ కారు గురించి చెప్పిన ప్రతి మాటనీ అనుమానించాల్సి వస్తుంది, ధర అందుకే అంతలా పడుతుంది. మార్చిన ఇంజిన్ అని ముందే చెప్పి అమ్మితే పోయేది అంత ఉండదు.

సరే మన ఎర్ర కారు దగ్గరికొస్తే, ఆయన ఇచ్చిన ఫైల్‌లో బ్రిటిష్ మోటార్ ఇండస్ట్రీ హెరిటేజ్ ట్రస్ట్ వాళ్ళ సర్టిఫికెట్ ఉంది. వాళ్ళు పాత ఫ్యాక్టరీ రికార్డులు చూసి కారు ఎప్పుడు తయారైంది, ఏ రంగు, ఏ ఇంజిన్ నంబర్ అన్నీ రాసిస్తారు. అందులో రంగు ఐరిస్ బ్లూ అని ఉంది! పాపం ఆయన దాచిందేమీ లేదు, ఆ కాగితం ఎప్పుడూ సరిగ్గా చదవలేదంతే. డాష్‌బోర్డ్ కింద టార్చ్ వేసి చూస్తే ఓ మూల నీలం రంగు అలాగే ఉంది.

తర్వాత పెయింట్ మందం కొలిచే మీటర్ పెట్టాం. ఫ్యాక్టరీ పెయింట్ అయితే మామూలుగా 100, 150 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, తలుపుల మీద కాస్త అటూ ఇటూగా అంతే వచ్చింది గానీ సిల్స్ దగ్గర, అంటే తలుపుల కింద పొడుగునా ఉండే ఇనుప పట్టీల దగ్గర, 700 దాటింది, అంటే పుట్టీ. ఎంజిబికి విడిగా చాసిస్ ఫ్రేమ్ ఉండదు, బరువు మోసేది ఆ సిల్సే, అక్కడ తుప్పు మీద పుట్టీ పెట్టి పెయింట్ కొట్టారంటే ఆ మెరుపంతా నాకు భయంగానే కనిపించింది.

నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే, బోలెడు డబ్బు ఖర్చు పెట్టి, ఫ్యాక్టరీలో కూడా లేని మెరుపు తెప్పించి విలువ తగ్గించుకోవడం. 1963 నాటి పెయింట్ మీద ఇప్పటిలాగా మెరుపు కోసం పైన వేసే రంగులేని పూత, క్లియర్ కోట్, ఉండేది కాదు, ఆ రోజుల్లో ఫ్యాక్టరీ పెయింట్‌లో నారింజ తొక్కలాంటి గరుకు కూడా కనిపించేది, ప్యానెళ్ళ మధ్య సందులు అన్నీ ఒకేలా ఉండేవి కావు. కార్వెట్ అనే అమెరికన్ స్పోర్ట్స్ కార్ల కోసం 1974లో మొదలైన ఎన్‌సీఆర్‌ఎస్ (నేషనల్ కార్వెట్ రీస్టోరర్స్ సొసైటీ) లాంటి క్లబ్బులు జడ్జింగ్‌లో చూసేది కారు ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో అలా ఉందా అని, అంతకంటే అందంగా ఉన్నా అది తేడా కిందే లెక్క. రబ్బరు పైపులు బిగించే హోస్ క్లాంపులు, బోల్టుల మీద పూత, అద్దాల మీద తేదీ కోడ్ దాకా చూస్తారు.

అసలు ముట్టుకోకుండా ఉంచిన కార్లకి ఇప్పుడు గౌరవం బాగా పెరిగింది. ఫ్రాన్స్‌లో రోజర్ బయోన్ కలెక్షన్‌లోని ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ పాత పత్రికల కట్టల కింద దుమ్ము కొట్టుకుని దొరికింది, 2015లో పారిస్ వేలంలో దాదాపు 1.63 కోట్ల యూరోలకి పోయింది. అరుదైన మోడల్ కాబట్టే అంత ధర, నిజమే, కానీ దాన్ని కడిగి మెరిపించకుండా అలాగే అమ్మకానికి పెట్టారు చూశారా, అది గమనించాలి. ఇక 2024లో అమెరికాలో పాత కార్లకి జరిగే పేరున్న పోటీ పెబుల్ బీచ్‌లో మొదటి బహుమతి, బెస్ట్ ఆఫ్ షో, 1934 బుగాటీ టైప్ 59కి వచ్చింది, రీస్టోర్ చెయ్యని ప్రిజర్వేషన్ కారుకి అక్కడ ఆ బహుమతి రావడం అదే మొదటిసారి.

అలాగని తుప్పు పట్టిన ఫ్లోర్‌ని కూడా ఒరిజినల్ అని పూజించమనట్లేదు, అది ప్రమాదం, మార్చాల్సిందే. పైగా ఎంజిబి అయిదు లక్షలకు పైగా తయారైంది, ఇంజిన్ మారితే ధర తగ్గుతుంది గానీ కొంప మునిగిపోదు, పది పన్నెండు మాత్రమే తయారైన కారు అయితే లెక్క వేరు. నేను చూసుకునేది మాత్రం ఒకటుంది, చేసిన మార్పు వెనక్కి తిప్పగలమా లేదా అని. బ్యాటరీ చార్జ్ చేసే పాత డైనమో తీసి కొత్తరకం ఆల్టర్నేటర్ పెట్టారు, పాత డైనమో డబ్బాలో దాచారు, ఏం పర్లేదు. డాష్‌బోర్డ్ కోసి స్టీరియో పెట్టారు, అది ఇక అంతే. పెయింట్ కూడా అలాంటిదే, ఒకసారి గీకేశాక ఫ్యాక్టరీ పెయింట్ తిరిగి రాదు.

ఆ కారు మావాడు కొన్నాడు, సిల్స్ పని, మారిన ఇంజిన్ లెక్కేసి రేటు బాగానే తగ్గించారు. ఇప్పుడు సిల్స్ కోసి కొత్తవి వెల్డింగ్ చేయిస్తున్నాడు, ప్రతి స్టేజ్‌లోనూ ఫోటోలు తీసి ఫైల్‌లో పెడుతున్నాడు, మళ్ళీ నీలం వేయిద్దామనే ఉంది. డాష్‌బోర్డ్ కింద మిగిలిన ఆ నీలం ముక్క మీద మాస్కింగ్ టేప్ అంటించి, దీని జోలికి మాత్రం వెళ్ళొద్దన్నా అని పెయింటర్‌కి రెండుసార్లు చెప్పొచ్చాడు.