పెళ్ళి షాపింగులో బేరాలు: నా అనుభవం

చెల్లి పెళ్ళి షాపింగ్ నిన్నటితో దాదాపు అయిపోయింది. కోపం ఇంకా చల్లారలేదు, వేడి మీద ఉండగానే రాసేస్తున్నాను.

బేగంబజార్‌లో సామాన్లు తేలిగ్గానే తెమిలాయి. స్టీలు, ఇత్తడి అక్కడ తూకం మీద అమ్ముతారు. గిన్నె గిన్నెకీ బేరమాడితే నోరు నొప్పి తప్ప ఏమీ ఉండదు. కిలో రేటు ముందే తెంపుకుని, ఆ తర్వాత సామాను ఏరుకోవాలి. లాడ్‌బజార్‌లో మామూలు గాజులకి వాళ్ళు చెప్పినదాంట్లో సగం నుంచి మొదలుపెట్టి, నవ్వుకుంటూనే ఒకచోట ఆగాం. లక్క గాజుల మీద ఒక్కొక్క రాయీ చేత్తో అద్దుతున్నవాళ్ళని చూశాక అమ్మ వాటికి మాత్రం గీచి గీచి అడగలేదు. చీరలు సర్కారీ చేనేత షోరూంలో తీసుకున్నాం. రేటు చీటీ మీదే ఉంటుంది, రిబేటు ఉంటే వాళ్ళే చెప్తారు, అడగడం దండగ.

ఇక బంగారం.

షాపు పేరు రాయను. ఏసీ, సోఫాలు, వెళ్ళగానే బాదంపాలు. ఆ బాదంపాల ఖరీదు కూడా తరుగులోనే ఉంటుందని నా గట్టి నమ్మకం. చెల్లికి నచ్చిన హారం నికరం 40 గ్రాములు. సేల్స్ అబ్బాయి క్యాలిక్యులేటర్ మీద టకటకా కొట్టి మొత్తం అంకె మావైపు తిప్పాడు. అమ్మ, "కాస్త చూసి వెయ్యి నాయనా, పెళ్ళి బంగారమంతా ఇక్కడే తీసుకుంటాం" అంది. అంతే. పక్కనున్న ఫ్లోర్ మేనేజర్, చుట్టూ ఉన్న కస్టమర్లందరికీ వినపడేలా, "అమ్మా, ఇది కూరగాయల మార్కెట్ కాదు. బంగారం రేటు ఎక్కడైనా ఒకటే. బడ్జెట్ సరిపోకపోతే లైట్ వెయిట్ ఐటమ్స్ పై ఫ్లోర్‌లో ఉన్నాయి" అన్నాడు. అమ్మ గాజులు సర్దుకుంటూ తల వంచేసుకుంది. చెల్లి "పోదాం పద అక్కా" అని నా చున్నీ లాగుతోంది.

రేటు మీద బేరం లేని మాట నిజమే. 3 శాతం జీఎస్టీ మీదా, హాల్‌మార్క్ చార్జీ మీదా కూడా లేదు. కానీ మధ్యలో "వీ.ఏ." (వాల్యూ యాడిషన్) అని ఒక గడి ఉంటుంది. తరుగు, మజూరీ అన్నీ అందులోనే. ఆ పెద్దమనిషి దాని మాటే ఎత్తలేదు. ఎస్టిమేషన్ స్లిప్ ఇమ్మంటే "బిల్లులో వస్తుంది మేడమ్" అన్నారు. గట్టిగా అడిగితే ఇచ్చారు. 18 శాతం! అంటే 40 గ్రాముల హారానికి ఇంకో 7.2 గ్రాముల డబ్బు కట్టాలి, అది మెడలోకి మాత్రం రాదు. రాళ్ళ ఖరీదు వేరే గడిలో ఉంటుంది. రాళ్ళ బరువు తీసేశాకే నికరం కట్టారో లేదో చూసుకోండి.

ఆ స్లిప్ పట్టుకుని బయటికొచ్చి, ఇంకో షాపులో దాదాపు అలాంటి హారానికే స్లిప్ రాయించుకున్నాం. అక్కడ 13. అక్కడే కొనేద్దామన్నాను, కానీ చెల్లి మనసంతా మొదటి హారం మీదే ఉంది. వెనక్కి వెళ్ళి రెండు స్లిప్పులూ కౌంటర్ మీద పక్కపక్కన పెట్టాను. మేనేజర్‌కి ఇందాకటి గొంతు లేదు. "ఓనర్‌గారిని అడిగొస్తా" అని లోపలికెళ్ళాడు. ఆ గదిలో ఓనరూ లేడు ఎవరూ లేరని నా అనుమానం. వచ్చి 14 అన్నాడు, అమ్మ 10 అంది, మీ మాటా కాదు మా మాటా కాదని 11 దగ్గర తెగింది. 2.8 గ్రాముల ఖరీదు మిగిలింది. నగ మీద అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హాల్‌మార్క్ గుర్తింపు కోడ్, అదే హెచ్‌యూఐడీని, సర్కారీ బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూశాకే డబ్బు కట్టాం, అదీ ఆయన చూస్తుండగానే.

అన్నట్టు, కూరగాయల మార్కెట్‌ని అంత చులకనగా అన్నాడు కదా, రైతుబజార్‌లో రేట్లు అందరికీ కనపడేలా బోర్డు మీద రాస్తారు. ఆయన షాపులో తరుగు శాతం బోర్డు ఎక్కడుంది? ఆకుకూరలామె దగ్గర బేరమాడొద్దని నీతులు చెప్పేవాళ్ళున్నారు. నేను ఆడతాను, ఆమే ఆడిస్తుంది. రేటు దిగదు గానీ కొసరుగా గుప్పెడు కొత్తిమీర పడుతుంది. బోణీ వేళ మాత్రం నోరెత్తను.

క్యాటరింగ్ ఒక్కటీ మిగిలింది. నాన్న ప్లేటుకి యాభై తగ్గించమని పట్టుపట్టి కూర్చున్నారు. నేను వద్దంటున్నాను. అక్కడ రేటు కోస్తే ఐటమ్ తగ్గదు, నెయ్యీ జీడిపప్పూ తగ్గుతాయి. రెండు స్వీట్లలో ఒకటీ, పెద్దవాళ్ళెవరూ ముట్టుకోని ఆ నూడుల్స్ కౌంటరూ తీసేయమంటే రేటు దానంతటదే దిగుతుంది. నాన్న ఇంకా ఒప్పుకోలేదు.