ఒక్క రాత్రిలో పసుపు

పొద్దున్నే ల్యాబ్ తలుపు తీసేసరికి, నిన్న గాజుముక్క మీద వేసిన, ఎండను కరెంటుగా మార్చే పెరోవ్‌స్కైట్ పొర పసుపు పచ్చగా మారిపోయి ఉంది. రాత్రి వెళ్ళేటప్పుడు ముదురు గోధుమ రంగులో అద్దంలా మెరిసింది. గాలీ తేమా చొరబడని గ్లవ్ బాక్స్‌లో పెట్టడం మరిచి బల్ల మీదే వదిలేశాను, అంతే.

గాలిలో తేమ తగిలి విచ్చిపోయింది. ఆ పసుపు, మిగిలిన సీసపు లవణం లెడ్ అయొడైడ్‌ది.

2009లో జపాన్ శాస్త్రవేత్త మియాసకా బృందం ఈ పదార్థంతో తొలి సోలార్ సెల్ చేసినప్పుడు, ఎండను కరెంటుగా మార్చే సామర్థ్యం 3.8 శాతం. ఇప్పుడు ల్యాబుల్లో 26 దాటింది. ఎంత పరుగో! కానీ సిలికాన్ ప్యానెల్ ఎండకీ వానకీ పాతికేళ్ళు నిలబడుతుంది. నాది తెల్లారేదాకా కూడా ఆగలేదు.

కోపం రాలేదు, నిజం చెప్పాలంటే నవ్వొచ్చింది. ఆ గాజుముక్కను పారేయబుద్ధి కాలేదు. వెనక తేదీ రాసి డ్రాయర్‌లో దాచాను.

హాట్ ప్లేట్ మళ్ళీ వేడెక్కుతోంది.