రెండు సీట్ల కారు మీద మా ఇంట్లో జరిగిన పంచాయితీ

పిల్లల్ని పరాయి దేశంలో పెంచుతుంటే కొన్ని భయాలు ముందే పెట్టేసుకుంటాం. తెలుగు మరిచిపోతారేమో, జొన్నరొట్టె ముట్టరేమో, రేపు పెళ్లి ఎవర్ని చేసుకుంటారో. ఆ జాబితాలో స్పోర్ట్స్ కారు మాత్రం లేదు, అది మా ఇంటి ముందుకొచ్చి ఆగుతుందని ఎవరనుకుంటారు? మాది అచ్చంపేట, మా ఆయనది దేవరకొండ. మా చిన్నప్పుడు రెండిళ్లలోనూ కారంటే పెళ్లికో ఆసుపత్రికో కిరాయికి మాట్లాడుకునే వస్తువు. ఇప్పుడు డాలస్ పక్కన ఉంటున్నాం, ఇక్కడ కారు తీయకపోతే పాలు కూడా రావు కాబట్టి కార్లున్నాయి. అవి కొనేటప్పుడు మా ఆయన లెక్కలు ఆయనకున్నాయి: ఏడుగురు కూర్చోవాలి, తిరిగి అమ్మితే ధర పలకాలి, ఇండియా నుంచి పెద్దవాళ్లు దిగితే వాళ్లనీ, ఆవకాయ జాడీలున్న సూట్‌కేసుల్నీ ఒక్క ట్రిప్పులో ఇంటికి చేర్చాలి.

అలాంటి ఇంట్లో మా చిన్నది, కాలేజీలో చేరాక కాఫీ షాపులో పని చేసి, పిల్లలకు లెక్కలు చెప్పి కూడబెట్టుకున్న డబ్బుతో 2003 మోడల్ మాజ్డా మియాటా కొంటానంది. తనకంటే పాత కారు. రెండే సీట్లు, పైకప్పు గుడ్డది, గేర్లు చేత్తో మార్చుకోవాలి. డిక్కీలో బియ్యం బస్తా పెడితే ఇంకేం పట్టదు.

మా ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఇంట్లో నలుగురం ఉంటే ఇద్దరు ఎక్కడ కూర్చోవాలె?" రెండోది, "ఆ పైసలు దాచుకుంటే రేపు కడ్తాల్ దిక్కు ఒక ప్లాటుకు అడ్వాన్స్ అయితది కదా?" మా ఆయనకు ప్రపంచంలో ఏ వస్తువు ధరైనా చివరికి గుంటల భూమిగా మారి కనిపిస్తుంది. చుట్టాల్లో ఒకావిడ ఫోన్ చేసి, ఆడపిల్లకు రేసు కారేంటమ్మా అంది. ఆవిడ కొడుకు అంతకు ముందు ఏడాదే పెద్ద ఇంజిన్ మస్టాంగ్ స్పోర్ట్స్ కారు కొన్నాడు, అప్పుడు ఫేస్‌బుక్‌లో కొబ్బరికాయ కొట్టిన ఫొటోలు పెట్టింది కూడా ఆవిడే. ఇక మా పెద్దోడు సరేసరి, వాడికి డ్రైవింగ్ అంటేనే విసుగు, కార్లు వాటంతట అవే నడిచే రోజు కోసం ఎదురుచూస్తున్నాడు. ఒకే ఇంట్లో, ఒకే పప్పుచారు తిని పెరిగిన ఇద్దరు.

నాకు మాత్రం భయం వేరు. ఇక్కడి రోడ్ల మీద పికప్ ట్రక్కులు ఎంతెంత ఉంటాయో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మియాటాలో కూర్చుంటే పక్క లేన్ ట్రక్కు చక్రం మన కళ్ల ఎత్తుకు వస్తుంది. పైగా ఆ కాలం మియాటాలో, జారినప్పుడు బండిని తనంతట తాను సర్దుకునే ఎలక్ట్రానిక్ ఏర్పాటు లేదు. వెనక చక్రాలతో నడిచే బండి, వానలో మలుపు మీద తొందరపడి యాక్సిలరేటర్ తొక్కితే వెనక భాగం తిరిగిపోతుంది. వేగం పిచ్చి ఉన్న పిల్ల చేతికి దీన్నెలా ఇవ్వాలి అన్నది నా బాధ.

దానికి అది చెప్పిన సమాధానం ఏంటంటే, వేగమే కావాలంటే నాన్న కారే తీసుకునేదాన్ని కదా అమ్మా అని. నిజమే. మా ఆయన టెస్లా మోడల్ వై సున్నా నుంచి అరవై మైళ్ల వేగానికి అయిదు సెకన్లలోపే చేరుతుంది, అది కూడా వెనక సీట్లో పెద్దమ్మ నిద్రపోతుండగా. మియాటాకు దాదాపు ఎనిమిది సెకన్లు పడుతుంది. సిగ్నల్ దగ్గర పోటీ పెడితే కిరాణా సామాను మోసే కారు గెలుస్తుంది. మరి దానికోసం జనం ఎందుకు పడి చస్తారు?

ఈ ప్రశ్నకు నాకు సరైన జవాబు దొరకడానికి ఆ కారు పుట్టుక తెలుసుకోవాల్సి వచ్చింది. ఇంగ్లాండ్‌లో ఒకప్పుడు ఎంజీ, లోటస్ లాంటి కంపెనీలు చిన్న చిన్న రెండు సీట్ల కార్లు చేసేవి. నడపడానికి ముచ్చటగా ఉండేవి కానీ ఆయిల్ కారడం, వైరింగ్ పోవడం వాటికి మామూలే. ఆ రకం కార్లు దాదాపు కనుమరుగైన సమయంలో జపాన్ కంపెనీ మాజ్డా అదే సరదాను, స్టార్ట్ చేస్తే స్టార్టయ్యే కారులో ఇద్దామనుకుంది. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో మియాటా బయటికొచ్చింది. మొదటి కారు బరువు వెయ్యి కిలోలలోపే, ఇంజిన్ 1.6 లీటర్లే. హిరోషిమాలో తయారైన ఈ కార్లు 2016 నాటికి పది లక్షలు దాటాయి, రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో అమ్మకాల రికార్డు దీనిదే.

కిటుకంతా బరువులోనే ఉంది. మా టెస్లా రెండు టన్నుల దగ్గర తూగుతుంది, చిన్నదాని కారు అందులో సగం కంటే కాస్త ఎక్కువ. ఆ బరువు కూడా ముందు చక్రాల మీదా వెనక చక్రాల మీదా దాదాపు సమానంగా పడేట్టు పెట్టారు. బ్రేకు నొక్కితే బరువు ముందుకొస్తుంది, ముందు టైర్లకు పట్టు పెరుగుతుంది, అప్పుడు స్టీరింగ్ తిప్పితే బండి చెప్పిన మాట వింటుంది. మలుపు సగం దాటాక మెల్లగా యాక్సిలరేటర్ ఇస్తే బరువు వెనక్కి వెళ్లి వెనక టైర్లు పట్టుకుంటాయి. ఏ కారులోనైనా జరిగేది ఇదే, కాకపోతే పెద్ద కారులో మనకు తెలియకుండా జరిగిపోతుంది, ఇందులో నడుముకు తెలుస్తుంది. నలభై మైళ్ల వేగంలోనే చేతులకు, కాళ్లకు, చెవులకు నిండా పని ఉంటుంది. ఫోన్ చూసే తీరిక ఉండదు, గేరు మార్చే చెయ్యి ఖాళీ లేదు కాబట్టి! (తల్లిగా నాకు బాగా నచ్చిన ఫీచర్ ఇదే.)

పంచాయితీ ఎటూ తెగక ఒక ఆదివారం అచ్చంపేటకు వీడియో కాల్ చేశాం, పెద్దమనిషి ఏమంటాడో చూద్దామని. మా నాయిన ఆర్టీసీ డ్రైవర్. అచ్చంపేట డిపోలో చేసి రిటైరయ్యాడు, శ్రీశైలం రూటు ఎక్కువ చేశాడు. నాయిన తిడతాడు, పని సులువైపోతుందని మా ఆయన లోపల్లోపల సంబరపడ్డాడు.

"గేర్ల బండేనా బిడ్డా, లేకుంటే మీ అమ్మ నడిపేటి తీరుదా?" అన్నాడు నాయిన.

"గేర్లదే తాతా."

"మరి దిగేటప్పుడు గేరు ఎట్ల తగ్గిస్తవు?"

అక్కడి నుంచి మేమిద్దరం ఆ కాల్‌లో లేనట్టే. ఇది ఫోన్ కిందికి వంచి కాళ్లు చూపిస్తోంది: కుడికాలి ముందు భాగం బ్రేకు మీద ఉంచి, ఎడమకాలితో క్లచ్ తొక్కి, కుడికాలి పక్కతో యాక్సిలరేటర్‌ను ఒక్క తట్టు తట్టి కింది గేరు వేయడం. ఇంజిన్ వేగం, చక్రాల వేగం కలిస్తే కుదుపు లేకుండా గేరు పడుతుంది. నాయిన మంచం మీద కూర్చుని గాల్లో కాళ్లు ఆడిస్తూ తన పద్ధతి చూపించాడు. పాత లేలాండ్ బండ్లలో గేరు మెత్తగా పడేది కాదు, డబుల్ క్లచ్ కొట్టాల్సిందే: ఒకసారి తొక్కి న్యూట్రల్ చేసి, వదిలి, రేజ్ ఇచ్చి, మళ్లీ తొక్కి కింది గేరు. వేళ తప్పితే గేర్‌బాక్స్ గరగరమంటుంది, వెనక నిలబడ్డోళ్లంతా ముందుకు తూలుతారు, కండక్టర్ తిడతాడు. "ఎక్కేటప్పుడు ఏ గేరుల ఎక్కినవో దిగేటప్పుడు గదే గేరుల దిగాలె, బ్రేకును నమ్ముకుంటే అది కాగిపోయి పట్టకుంట అయితది" అని ఘాట్ పాఠం కూడా చెప్పాడు.

నాకు ఇంటికొచ్చి పడుకునే నాయిన తెలుసు, ఖాకీ చొక్కా, టిఫిన్ డబ్బా, నైట్ అవుట్ డ్యూటీలు తెలుసు. ఈ మనిషి అంత దగ్గరగా తెలియదు. అమ్మ వెనక నుంచి అందుకుంది, నడుము నొప్పికి డిపోలనే డ్యూటీ ఇస్తమన్నరు, ఈయన పోయి మళ్ల శ్రీశైలం బండే అడిగి తెచ్చుకున్నడు అని. ఎందుకు నాయినా అంటే, "గాడ కూసోని ఏం జెయ్యాలె" అన్నాడు, అంతే.

నాకు అర్థమైంది ఇది. నడపడంలోని సంబరం మా ఇంటికి కొత్తగా అమెరికాలో అంటుకోలేదు. నాయినకు ఆ సంబరం నౌకరీ లోపల, యాభై మంది టికెట్ల కింద దాక్కుని ఉండేది, అందుకే ఎవరూ వేలెత్తి చూపలేదు. మా చిన్నదానికి ఆ ముసుగు లేదు. తన డబ్బుతో, ఏ పనికీ రాని కారు కొని, నాకిష్టం అని నేరుగా చెబుతోంది. మనవాళ్లకు గొంతులో అడ్డం పడేది అదే. ఎనభై వేల డాలర్ల ఎస్‌యూవీ కొంటే ఎవరూ ఏమీ అనరు, కుటుంబం కోసం అనుకుంటారు. అందులో పావు వంతు కూడా పెట్టకుండా సరదా కోసం ఓ పాత కారు కొంటే పిల్ల చేయి దాటింది అంటారు.

అట్లని అందరూ నడపడం కోసమే కొంటారని కాదు. మాకు తెలిసిన ఒక డాక్టరు గారున్నారు, మిర్యాలగూడ వైపు నుంచి వచ్చినాయన, యాభై దాటాక పోర్షా 911 కొన్నారు. ఆ కారుకూ ఒక చరిత్ర ఉంది: 1963లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో 901 పేరుతో చూపిస్తే, మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు మావి అని పెజో కంపెనీ అడ్డుపడింది, సున్నా తీసి ఒకటి పెట్టారు. ఇంజిన్ వెనక చక్రాలకు కూడా వెనక ఉంటుంది, అరవై ఏళ్లు దాటినా అక్కడి నుంచి కదపలేదు. డాక్టరు గారు దాన్ని వారానికోసారి తీస్తారు, మెత్తటి గుడ్డతో తనే తుడుస్తారు, పది నిమిషాలు తిప్పి లోపల పెట్టేస్తారు. హాస్టల్ గోడ మీద అతికించుకున్న బొమ్మ అట ఆయనకది. వచ్చినవాళ్లు మాత్రం "ఎంత పడింది సార్?" దగ్గరే ఆగిపోతారు. శబ్దం కోసం కొన్నానని ఆయనంటే నవ్వుకునేదాన్ని. మహబూబ్‌నగర్‌లో ఉండే మా మేనల్లుడు 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ రేసుకు వెళ్లొచ్చి, అంతా బాగుంది అత్తా కానీ సౌండే లేదు అని తెగ బాధపడ్డాడు, ఎలక్ట్రిక్ రేసు కార్లు కదా. అంటే ఈ రోగం చాలామందికే ఉంది.

కారు చివరికి వచ్చింది, షరతులతో. కొత్త టైర్లు ముందు, ఇన్సూరెన్స్‌లో సగం తనే కట్టాలి (ఆ వయసు పిల్లలకు ఇక్కడ ఇన్సూరెన్స్ కారు ధరతో పోటీ పడుతుంది), వానలో హైవే ఎక్కొద్దు, వేగం ముచ్చట రోడ్డు మీద తీర్చుకోవద్దు. ఆ చివరి షరతు పెట్టినందుకే నేను ఆటోక్రాస్ అనే పోటీ చూడాల్సి వచ్చింది. 1944లో మొదలైన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా లాంటి సంఘాలు ఇలాంటివి నడుపుతాయి. ఖాళీగా ఉన్న పెద్ద పార్కింగ్ స్థలంలో నారింజ రంగు కోన్లతో వంకర దారి వేస్తారు, ఒక్కో కారు ఒంటరిగా గడియారంతో పోటీ పడుతుంది, హెల్మెట్ తప్పనిసరి, కోన్ తగిలితే టైముకు రెండు సెకన్లు కలుపుతారు. ఎండకు తలపట్టుకుని నిలబడ్డాను. మూడో మలుపులో మా పిల్ల కారు గిర్రున తిరిగి వచ్చిన దిక్కుకే మొహం పెట్టి ఆగింది. నా గుండె అక్కడే జారిపోయింది. అది మాత్రం దిగి నవ్వుతూ వచ్చి, తొందరగా యాక్సిలరేటర్ ఇచ్చా అమ్మా, అంది. ఏం చేస్తే బండి తిరుగుతుందో గోడలు, మనుషులు లేనిచోట నేర్చుకుంటోంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పక్కనున్న అరవై ఏళ్ల పెద్దాయన దాని టైర్ల గాలి చూసి, వెనక రెండు పాయింట్లు తగ్గించమ్మా అని చెప్పి వెళ్లాడు. దేశం, వయసు, భాష ఏమీ అడగలేదు.

నేనూ ఎక్కాను. దసరాల్లో బతుకమ్మను ఒళ్లో పెట్టుకుని, పూలు ఎగిరిపోతాయని పైకప్పు మూయించి, ఆ కారులోనే కమ్యూనిటీ హాలుకు వెళ్లాం. దిగడమే కష్టం, పట్టుచీరతో నేల మీద నుంచి లేచినట్టు లేవాలి.

పోయిన చలికాలం ఊరికి వెళ్లినప్పుడు తాతామనవరాళ్లు మా తమ్ముడి స్విఫ్ట్ తీసుకుని శ్రీశైలం బయల్దేరారు, వెనక సీట్లో నేను. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి మూసేస్తారు కాబట్టి పొద్దున తెరిచాకే వెళ్లాం. అమ్రాబాద్ పులుల అడవిలో నెమ్మదిగా పోవాలి, కోతులు, జింకలు ఎప్పుడు అడ్డమొస్తాయో తెలియదు. నాయిన అంతే నెమ్మదిగా నడిపాడు, ఇది మొదట్లో అసహనంగా కాళ్లు కదిపింది. దోమలపెంట దాటి డ్యాం వైపు మలుపులు దిగుతున్నప్పుడు మాట్లాడటం మానేసి ఆయన కాళ్ల వంకే చూసింది. ఒక్కో మలుపుకు ముందే గేరు పడిపోతోంది, బ్రేకు చాలా తక్కువగా తొక్కుతున్నాడు. నా చేతిలో ఉన్న నీళ్ల సీసా మూత తీసే ఉంది, చుక్క ఒలకలేదు.

పాతాళగంగ దగ్గర టీ తాగుతుంటే నాయిన అడిగాడు, "నీ బండి కేఎంపీఎల్ ఎంత ఇస్తది బిడ్డా?" ఆర్టీసీ మనిషి కదా, డ్రైవర్ గొప్పతనం లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడన్న దాంట్లోనే చూస్తారు. గ్యాలన్‌కు పాతిక మైళ్లను ఇది ఫోన్‌లో లెక్కకట్టి, పది, పదిన్నర వస్తుంది తాతా అంది.

"యాభై మందిని ఎక్కించుకోని మా బండి అయిదు ఇచ్చేటిది. నువ్వొక్కదానివి కూసుంటే పదేనా?"

"రెండో సీట్లో నువ్వు కూర్చో తాతా, అప్పుడు లెక్క సగానికి వస్తుంది."

ఆయన పాస్‌పోర్టు ఎప్పుడో గడువు దాటిపోయింది. రెన్యువల్‌కు కాగితాలు ఇప్పుడు మా తమ్ముడు సర్దుతున్నాడు.