పద్మినికి దక్కిన 32 సీసీ

నా పాత ప్రీమియర్ పద్మిని కారు ఇంజన్ సామర్థ్యాన్ని పెంచుదామని మొదలుపెట్టింది 132 సీసీ. పెరిగింది 32. మధ్యలో పోయిన ఆ వంద ఎక్కడికి పోయిందో చెబితే, ఇలాంటి ఇంజన్ విప్పాలనుకునేవాళ్లకు కొంత డబ్బయినా మిగులుతుంది.

132 అనే లెక్క గాలిలోంచి రాలేదు. పద్మిని ఇంజన్‌కు బోరు, అంటే సిలిండర్ రంధ్రం వ్యాసం, 68 మి.మీ.; స్ట్రోక్, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 75 మి.మీ. నాలుగు సిలిండర్లకూ కలిపి 1089 సీసీ. ఇటలీలో 1957లో వచ్చిన ఫియట్ 1200 గ్రాన్‌లూచే కారుకూ స్ట్రోక్ అదే 75. బోరు మాత్రం 72 చేసి 1221 సీసీ రాబట్టారు. అంటే స్ట్రోక్‌ను నిర్ణయించే క్రాంక్ జోలికి పోనక్కర్లేదు, రంధ్రం పెద్దది చేస్తే చాలు. కాగితం మీద ఇంత సులువైన పని ఇంకొకటి లేదు.

నా కారు 1984 మోడల్. ఎలాగూ ఇంజన్ విప్పక తప్పని స్థితికి వచ్చింది. సిలిండర్లలో ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ గేజి పెడితే వరుసగా 105, 100, 70, 100 పీఎస్‌ఐ. మూడో సిలిండర్‌లో ప్లగ్గు రంధ్రం గుండా రెండు చెంచాల ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 70 కాస్తా 110కి ఎగిరింది. ఆయిల్ మూసేది పిస్టన్ రింగుల సందునే కాబట్టి వాల్వులది కాదు, రింగులదే తప్పని అక్కడే తేలిపోయింది. సిలిండర్లకు మూతలా ఉండే హెడ్ తీసి కొలిస్తే మూడో బోరు పైభాగం 0.28 మి.మీ. అరిగి ఉంది.

బ్లాకును విజయవాడ ఆటోనగర్‌లో బోరింగ్ పనికి తీసుకువెళ్లాను. 72 అన్నాను. మేస్త్రి గారు నా ముఖం చూసి, "ముందు గోడ మందం చూద్దామండీ, తర్వాత మీ ఇష్టం" అన్నారు. తెలిసిన వాళ్ల దగ్గరినుంచి అల్ట్రాసోనిక్ మందం గేజి తెప్పించి ప్రతి సిలిండర్‌నూ పైన, మధ్యన, కింద చుట్టూ కొలిచాం. చాలా చోట్ల 5 మి.మీ. పైనే. మూడో సిలిండర్‌లో మాత్రం ఒక పక్క 3.6. పోత పోసేటప్పుడు లోపలి ఇసుక అచ్చు కాస్త జరిగితే ఇలాగే అవుతుంది. ఒక పక్క గోడ లావు, రెండో పక్క పలచన. బయటి నుంచి ఎంత చూసినా కనిపించదు.

72కి పోతే ఆ చోట మిగిలేది 1.6. 70కి అయితే 2.6. ఇక 69 అంటే 3.1. మూడు కంటే తగ్గితే తాను మిషన్ ఎక్కించనని మేస్త్రి గారు తేల్చేశారు. బోరు లోపల దూర్చే ఇనుప గొట్టం, లైనర్, వేద్దామా అని అడిగాను. లైనర్ దూర్చాలంటే ముందు ఆ గోడనే ఇంకా కొయ్యాలి కదా! అది తిరిగి 68కి రావడానికి పనికొస్తుంది కానీ పెంచడానికి కాదు. ఒక మిల్లీమీటరుతో సరిపెట్టుకున్నాను. 69 బోరుకు వచ్చేది 1121 సీసీ చిల్లర, అంటే మూడు శాతం ఎక్కువ.

పిస్టన్లు ముందు కొని, బోరింగ్ తర్వాత చేయించాలి. ఒక్కొక్క పిస్టన్‌నూ మైక్రోమీటర్‌తో కొలిచి, దాని మీద నంబరు రాసి, దానికి 0.05 మి.మీ. ఖాళీ ఉండేలా ఆ బోరును కోశారు. చివరి 0.04, 0.05 మి.మీ. రాతితో రుద్దే హోనింగ్‌కు వదిలారు. తూకం నేను కంసాలి కొట్లో వేయించాను. నాలుగింటిలో ఒకటి 3 గ్రాములు ఎక్కువ. పిన్ను కింద లోపలి అంచులో కొద్దికొద్దిగా రాకి సరిచేశాను.

హోనింగ్ అయ్యాక పెట్రోలుతో తుడిచేసి ఊరుకునేవాళ్లు ఎక్కువ. రాతిపొడి గీతల్లో అలాగే ఉండిపోతుంది, కొత్త రింగులను అదే తినేస్తుంది. వేడి నీళ్లు, బట్టల సబ్బు, బ్రష్షు పెట్టి తోమాను. ఆరాక ఆయిల్ తడిపిన తెల్ల పంచె ముక్కతో తుడిస్తే బూడిద రంగు వచ్చింది. మళ్లీ తోమడం, మళ్లీ తుడవడం. ఐదోసారికి గుడ్డ తెల్లగా వచ్చింది. ఆ సాయంత్రం మా ఇంట్లో సబ్బు లేదు.

రింగు కొసల మధ్య ఖాళీ మీద ఒక పూట పోయింది. రింగును బోరులో పెట్టి, తలకిందులు చేసిన పిస్టన్‌తో తోస్తే అడ్డంగా వంకర లేకుండా నిలుస్తుంది. సందులు కొలిచే ఫీలర్ గేజి 0.15 మాత్రమే దూరింది, నాకు కావలసింది 0.28. వేడెక్కి కొసలు కలిస్తే రింగు విరిగి గోడను గీరేస్తుంది. ఆకురాయిని బయటి నుంచి లోపలికే, ఒకే వైపు లాగుతూ, నాలుగు లాగులకోసారి కొలుస్తూ పోయాను. ఇంత జాగ్రత్తపడీ రెండో పిస్టన్‌కు ఒక రింగు తిరగేసి ఎక్కించాను. టాప్ అనే గుర్తు కిందికి ఉందని మర్నాడు కాఫీ తాగుతూ చూసుకున్నాను.

అసలు బలం హెడ్‌లో దొరికింది. గాజు పలకకు చిన్న రంధ్రం చేయించి, గ్రీజుతో హెడ్‌కు అతికించి, సిరంజితో కిరోసిన్ నింపితే పెట్రోలు మండే గది ఘనపరిమాణం తెలుస్తుంది. గ్యాస్కెట్ మందంతో కలిపి 42 సీసీ, అంటే పాత బోరుతో కంప్రెషన్ నిష్పత్తి (మిశ్రమం ఎన్ని రెట్లు నొక్కుకుపోతుందనే లెక్క) 7.5. హెడ్ 0.8 మి.మీ. చెక్కించాక 39.5కి దిగింది. కొత్త బోరుతో కలిసి నిష్పత్తి 8.1. చెక్కుడు తర్వాత వాల్వులను నొక్కే టాపెట్ల ఖాళీ మొత్తం మళ్లీ సరిచేసుకోవాలి, హెడ్ కిందికి దిగడంతో వాటిని కింది నుంచి తోసే పుష్‌రాడ్లు ఆ మేరకు పొడవైనట్టే.

ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలుకు పాత రబ్బరు నిలవదు. పైపులు, పంపు డయాఫ్రం మార్చేశాను. అదే పెట్రోలుతో గాలి-పెట్రోలు మిశ్రమం పలచబడుతుంది కాబట్టి కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే రంధ్రం, మెయిన్ జెట్, ఒక సైజు పెంచాను. ప్లగ్గులు ఇప్పుడు పాలు తక్కువైన టీ రంగులో ఉన్నాయి, అంటే మిశ్రమం సరిగ్గా ఉన్నట్టే.

టాప్ గేరులో 40 కిలోమీటర్ల వేగం నుంచి 70కి వెళ్లడానికి ఇదివరకు 18 సెకన్లు, ఇప్పుడు 13. ఇది 32 సీసీ మహిమ అని చెప్పుకుంటే నాకే నవ్వొస్తుంది. చాలా భాగం అరిగిన ఇంజన్ బాగుపడినందుకు, కొంత నిష్పత్తి పెరిగినందుకు. సీసీ వాటా వాటి వెనకాల ఎక్కడో ఉంది.

కోటప్పకొండ ఘాట్ రోడ్డులో మూడో గేరులో గులకరాళ్లు కదిపినట్టు నాకింగ్, అంటే మిశ్రమం అదుపు తప్పి మండే చప్పుడు, వినిపించింది. ప్లగ్గుల్లో నిప్పు ఎప్పుడు పడాలో నిర్ణయించే డిస్ట్రిబ్యూటర్‌ను రెండు డిగ్రీలు వెనక్కి తిప్పాక పోయింది. 500 కిలోమీటర్లకు ఆయిల్ మార్చి మళ్లీ గేజి పెట్టాను. 145, 145, 140, 145. ఆ తక్కువ ఉన్నది మళ్లీ మూడోదే.