లేచే దూరం లెక్క: చెరువు కట్ట, చెల్కలు, గుంటనక్క

యాసంగి నుంచి పద్ధతి మార్చాం. ఇదివరకు మనిషిని చూసి పిట్ట లేచిన దూరం ఒక్కటే రాసేవాళ్లం. ఇప్పుడు మూడు రాస్తున్నాం: నడక మొదలుపెట్టిన చోటు, పిట్ట తలెత్తినప్పుడు మనం ఉన్న చోటు, అది లేచినప్పుడు మనం ఉన్న చోటు. చాలా పిట్టలు దూరం నుంచే మన రాకను గమనిస్తే తొందరగా లేస్తాయి. మొదలు రాయకపోతే నిన్నటి అంకెకు, ఇవాళ్టి అంకెకు పొంతన ఉండదు.

కొలతకు జేబులో గులకరాళ్లు చాలు. ఒక్కో చోట ఒకటి వదిలి, పిట్ట పోయాక అది కూర్చున్న చోటి దాకా అడుగులతో లెక్కపెట్టాలి. 20 మీటర్ల టేపు పరిచి అడుగు పొడుగు ముందే తేల్చుకోవాలి. పొలం గట్టు మీద అడుగు కురచ పడుతుంది, దానికి వేరే లెక్క.

వడ్డేపల్లి చెరువు కట్ట: పొద్దున నడకకు వచ్చేవాళ్లను గుడ్డికొంగ పట్టించుకోదు. ఆగి బైనాక్యులర్ ఎత్తితే చాలు, మెడ నిగుడుతుంది. అందుకే ముందు దాటిపోయి, పక్కకు తిరిగి నిలబడి చూస్తున్నాం. మడి దున్నే ట్రాక్టర్ చక్రాల పక్కనే పురుగులు ఏరుకునే తెల్లకొంగలు, అదే మడిలోకి ఒంటరిగా నడిచొచ్చే మనిషికి మాత్రం లేస్తాయి. ఈ రెండింటినీ ఒకే వరుసలో రాయొద్దు.

తీతువు దగ్గర కొలత ఆపేశాం. ఎండాకాలం అది నేల మీద, గులకల మధ్య, సాధారణంగా 4 గుడ్లు పెడుతుంది. తల మీదికి దూకి అరుస్తోందంటే గుడ్లో పిల్లలో ఉన్నట్టే. అది పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మనం అక్కడే నిలబడితే గుడ్లు ఎండకు మాడుతాయి. వచ్చిన దారినే వెనక్కి రావాలి, అడుగు పెట్టేచోట నేల చూసుకుంటూ.

గుంటనక్క: చెల్కల అంచున గుంటలకు చాలాసార్లు ఒకటికి మించి నోళ్లు ఉంటాయి. నోటికి సాలెగూడు అడ్డంగా ఉంటే ఆ నోరు ఈమధ్య వాడినట్టు లేదు. తాజా మట్టి, నక్క పెంటలో పేడపురుగుల రెక్కల పెచ్చులు, రేగు గింజలు కనబడితే వాడుతున్నట్టే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పిల్లలుండే కాలం, దగ్గరికి పోవద్దు. గాలి నక్క వైపు నుంచి మన వైపు వీచేలా, తుమ్మ చాటున, కనీసం 100 మీటర్ల దూరంలో పొద్దుగూకకముందే కూర్చోవాలి. టార్చి వెయ్యొద్దు. అది పదే పదే కదలకుండా మన వైపే చూస్తుంటే ఆ సాయంత్రానికి లేచి రావడమే మంచిది.

అన్నం, కోడి వ్యర్థాలు పెట్టి పిలిచే పని అసలే వద్దు. వాటి కోసం ఊరకుక్కలూ వస్తాయి, ఆ కుక్కల నుంచి రేబిస్, డిస్టెంపర్ (కుక్కలకు వచ్చే వైరస్ జబ్బు) నక్కకు అంటుతాయి. మనిషి భయం పోయిన నక్క రోడ్డెక్కుతుంది. గుంట ఫొటో పంపేముందు ఫోన్‌లో లొకేషన్ తీసేస్తున్నాం.